దసరాకు పాలపిట్ట కనిపించింది, డబ్బులు మాత్రం మరుసటి దీపావళికి

మా వీట్యూబర్ల రంగంలో బొమ్మ గీసినవాళ్లను "మామ" అంటారు, ఆ బొమ్మకు కదలిక ఇచ్చినవాళ్లను "పాపా" అంటారు. జపాన్ నుంచి వచ్చిన అలవాటు. అమ్మ, నాన్న అని వాళ్ల ఉద్దేశం. నాది రెండో పని. ముప్పై మూడేళ్ల వయసు, మీసం, నడుం నొప్పి ఉన్న నన్ను అమెరికా క్లయింట్ ఒకామె లైవ్‌లో వందమంది ముందు "థాంక్యూ పాపా" అంటుంటే, పక్కన కూర్చున్న మా చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. "మామేమో ఆడపిల్ల, పాపేమో నువ్వా? ఇదేం సుట్టరికం రా!"

వీట్యూబర్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనిషి కెమెరా ముందే కూర్చుంటాడు గానీ తెర మీద కనిపించేది అతని మొహం కాదు, ఒక బొమ్మ. అతను తల తిప్పితే బొమ్మ తల తిప్పుతుంది, కన్ను కొడితే కన్ను కొడుతుంది. గొంతు మాత్రం అతనిదే. 2016 చివర్లో కిజునా ఆయ్ అనే జపాన్ పాత్ర తనను తాను వర్చువల్ యూట్యూబర్ అని పిలుచుకుంది, అక్కడి నుంచి ఆ పేరు నిలబడిపోయింది. నేను పనిచేసేది లైవ్ టూడీ అనే సాఫ్ట్‌వేర్‌లో. చిత్రకారిణి బొమ్మను పొరలు పొరలుగా విడదీసి పంపుతుంది. పై రెప్ప ఒక పొర, కింది రెప్ప ఒక పొర, నోటి లోపలి చీకటి ఒక పొర, చెవి పక్కన వేలాడే నాలుగు వెంట్రుకలు ఇంకో పొర. మంచి మోడల్‌కు 200 పొరలు మామూలు. తల ఎడమకు తిరిగినప్పుడు ముక్కు ఎంత జరగాలి, జడ ఎంత ఆలస్యంగా ఊగాలి, నవ్వితే చెంప ఎక్కడ పొంగాలి, ఇవన్నీ ఒక్కోదానికి విడివిడిగా నేర్పాలి. దీన్నే రిగ్గింగ్ అంటారు. నడుం వరకు ఉన్న బొమ్మకు 500 డాలర్లు, నిలువెత్తు బొమ్మకు 900 తీసుకుంటాను. గీసినవాళ్లకు ఇచ్చేది వేరే.

ఈ ఏడాది సంక్రాంతికి పని లేక కూర్చుని ఒక లెక్క వేశాను. నాలుగేళ్లలో నేను రిగ్ చేసిన మోడళ్లు 41. వాటిలో ఇప్పటికీ నెలకు ఒక్కసారైనా లైవ్‌కు వస్తున్నవి 13. మిగతా 28 బొమ్మలు నా హార్డ్‌డిస్కులో కళ్లు మూసుకుని పడుకున్నాయి.

అందుకే నా గిరాకీ పోయినా సరే చెబుతున్నా. ఈ రంగంలో డెబ్యూ రోజున, అంటే కొత్త బొమ్మతో మొదటిసారి లైవ్‌కు వచ్చే రోజున, లాభంలో ఉండేది ఇద్దరే: మామ, పాప.

2023లో ఒకామె వచ్చింది. ఏ ఊరో చెప్పను. నిలువెత్తు మోడల్, రెండు రకాల బట్టలు, 14 హావభావాలు. విడిగా లోగో, కదిలే బ్యాక్‌గ్రౌండ్, స్ట్రీమ్ మొదలయ్యే ముందు చూపించే స్క్రీన్, ట్రైలర్, ట్రైలర్‌కు ఒక పాట. మొత్తం 4,600 డాలర్లు అయిందని తనే చెప్పింది. అప్పటికి ఆమె చేసిన స్ట్రీమ్‌లు సున్నా. డెబ్యూ రోజు 212 మంది ఒకేసారి చూశారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది, బొమ్మ కూడా పెట్టుకుంది, ఎందుకంటే ఆ బటన్ నేనే పెట్టాను. కానీ ఆ 212లో సగం మందిమి ఎవరం? ఆమె దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లం, మమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు. పెళ్లికొచ్చి భోంచేసిపోయినవాళ్లు కాపురానికి రారు కదా. రెండో స్ట్రీమ్‌కు 31 మంది. మూడోదానికి 14. నాలుగో నెలలో మెసేజ్ పెట్టింది, ఈ మోడల్‌ను వేరేవాళ్లకు అమ్మడానికి కుదురుతుందా అని. ఆమె నవ్వితే ఎడమ పెదవి కొద్దిగా పైకి పోతుంది. నేను వారం రోజులు కూర్చుని ఆ వంకర నవ్వును బొమ్మలోకి తెచ్చాను. దాన్ని ఇంకెవరు కొంటారు?

ఆమెకు మాటలు రాక కాదు. నలుగురు ఉన్న గదిలో, అందులో ఇద్దరు పలకని గదిలో, రెండు గంటలు మాట్లాడగలనా అన్నది ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. 4,600 పెట్టాక చూసుకుంది.

ఇలాంటివాళ్లందరి మనసులో ఒకే ఉదాహరణ ఉంటుంది. 2020 సెప్టెంబరులో హోలోలైవ్ అనే జపాన్ వీట్యూబర్ల సంస్థ ఇంగ్లిష్ విభాగం మొదలైంది. అందులో గౌర్ గురా అనే సొరచేప పిల్ల అక్టోబరు 22 కల్లా, అంటే నలభై రోజుల్లో, పది లక్షల సబ్‌స్క్రైబర్లను దాటింది. నిజమే. కానీ దాని వెనక ఏముందో చూడాలి. ఐదుగురిని రెండు రోజుల్లో వరసగా దింపారు, ఒకరి జనం ఇంకొకరి దగ్గరికి వెళ్లేట్టు. హోలోలైవ్ అప్పటికే జపాన్‌లో మూడేళ్లుగా నడుస్తోంది. వాళ్ల జపనీస్ స్ట్రీమ్‌ల నుంచి అభిమానులే చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసి, ఎప్పటినుంచో యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఈ ముక్కలను కిరినుకి అంటారు. అంటే ఇంగ్లిష్ జనం ఆకలితో పీటల మీద కూర్చుని ఉన్నారు, వడ్డించడమే ఆలస్యం. పైగా కరోనా, అందరూ ఇళ్లలోనే. సొంతంగా మొదలుపెట్టేవాళ్లకు ఇందులో ఒక్కటీ ఉండదు. ఆ గురా కూడా 2025 మే 1న సెలవు తీసుకుంది. ఇంకో సంగతి, హోలోలైవ్‌ను నడిపే కవర్ కంపెనీ ఆదాయంలో పెద్ద వాటా సూపర్‌చాట్‌లది, అంటే లైవ్‌లో జనం డబ్బు కట్టి పంపే మెసేజ్‌లది, కాదు, బొమ్మలు, బ్యాడ్జీలు, స్టాండీలు లాంటి వస్తువుల అమ్మకానిది. మన దేశంలోనూ ఒక కంపెనీ ప్రయత్నించింది. నిజిసంజి అనే ఇంకో జపాన్ వీట్యూబర్ల సంస్థ వాళ్లు 2020లో ఇండియా శాఖ పెట్టి, 2021లో మూసేశారు.

ఇక మా ఇంటి కథ.

2024 ఎండాకాలంలో మా చిన్నమ్మ కూతురు నా దగ్గరికి వచ్చింది. పగలు హనుమకొండలో ఒక ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నులు కొడుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఖాళీ. చిన్నప్పటి నుంచి నోరు ఊరుకోదు. "అన్నా, నాకో మోడల్ చేసియ్యి" అంది. చానెల్ పేరు రాయొద్దంది గానీ పిట్ట సంగతి వరకు రాసుకోమంది, కాబట్టి రాస్తున్నా.

మొదట తను అనుకున్నది గుడ్లగూబ. రాత్రి పూట స్ట్రీమ్ కాబట్టి. చిన్నమ్మ వంటింట్లోంచి విని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "గుడ్లగూబ ఏందే? పొద్దుగూకినంక ఇంట్ల గుడ్లగూబను కూసోబెడ్తవా? ఇంకో పిట్టే దొరకలేదా నీకు?" అని, కాసేపు ఆగి, "పాలపిట్టను పెట్టుకో. దసరా పూట దాన్ని చూడనీకి జనం ఊరవతలికి పోయి ఎతుకుతరు. అదే ఇంటికొస్తే వద్దంటరా?" అంది.

నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, డెబ్యూ తేదీకి ఇంత మంచి కారణం ఏ మార్కెటింగ్ మనిషీ నాకు చెప్పలేదు.

మోడల్ చేస్తాను, డబ్బులొద్దు, కానీ ఒక షరతు అన్నాను. ముందు రెండే బొమ్మలతో ఇరవై స్ట్రీమ్‌లు చెయ్యాలి. నోరు మూసిన బొమ్మ ఒకటి, తెరిచిన బొమ్మ ఒకటి. మాట్లాడితే రెండోది వస్తుంది, ఆగితే మొదటిది. దీనికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇలా చేసేవాళ్లను పీఎన్‌జీట్యూబర్ అంటారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. "నీ క్లయింట్లకైతే తళతళలాడేవి, నాకైతే ఇదా" అని చిన్నమ్మతో అందట. నా స్వార్థం నాది. నాలుగు వారాల పని ఊరికే చేసిచ్చాక అది 29వ బొమ్మగా హార్డ్‌డిస్కులో పడుకోవడం నాకు ఇష్టం లేదు.

ఐదో రోజు తనే పెయింట్‌లో ఒక నీలం పిట్టను గీసి పంపింది. ముక్కు మరీ పెద్దది, కాకి జాతిలా ఉంది. దాంతోనే ఆగస్టులో మొదలుపెట్టింది. రాత్రి 9.45కి, సోమ, బుధ, శని. మొదటి రోజు నలుగురు: నేను, నా రెండో ఫోను, తన స్నేహితురాలు, ఇంకెవరో.

ఆ "ఇంకెవరో" ఎలా వచ్చారన్నదే అసలు విషయం. స్ట్రీమ్ దానంతటది జనాన్ని తేదు. లైవ్ రెండున్నర గంటలు, అందులోకి తెలియని మనిషి మధ్యలో వచ్చి కూర్చోవడం కష్టం. బయట వాకిట్లో ఏదో ఒకటి ఉండాలి. తను ఎంచుకున్నది పొడుపుకథలు. 30 సెకన్ల షార్ట్, పిట్ట ఒక పొడుపుకథ అడుగుతుంది, జవాబు చెప్పదు, రాత్రి లైవ్‌లో చెబుతానంటుంది. మొట్టమొదటిది నాకోసమే పెట్టానంది: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." కనురెప్పలు. రిగ్గింగ్‌లో నేను మొట్టమొదట పట్టుకునేవి అవే. జవాబు తెలిసినవాళ్లు కామెంట్లో రాయకుండా ఉండలేరు, తెలియనివాళ్లు అడగకుండా ఉండలేరు. మనవాళ్లకు పొడుపుకథ వేసి ఊరుకుంటే కడుపుబ్బరంగా ఉంటుంది.

రెండోది, వేరే తెలుగు గేమింగ్ స్ట్రీమర్ల చాట్‌లలో వెళ్లి కూర్చునేది. తన చానెల్ సంగతి ఎత్తేది కాదు. ఆట గురించి జోకులేసేది, అంతే. "నా చానెల్‌కు రండి" అని ఒకరింట్లో కూర్చుని పిలిచేవాళ్లంటే ఎవరికైనా మంట. రెండు నెలలకు వాళ్లలో ఒకతను తన లైవ్ అయిపోగానే "ఈ పిట్ట ఇవాళ ఏం చేస్తుందో చూసొద్దాం" అని తన జనాన్ని ఇటు పంపాడు. ఆ రాత్రి ఆరుగురి గది నలభైమంది అయింది. మర్నాటికి మిగిలింది ముగ్గురు. ఆ ముగ్గురూ ఇప్పటికీ ఉన్నారు.

ఇంటి శబ్దాలు మొదట పెద్ద టెన్షన్. వాళ్లిల్లు కాజీపేటలో, రైల్వే లైనుకు దగ్గర. నేను ఓబీఎస్‌లో, అంటే లైవ్ పంపే సాఫ్ట్‌వేర్‌లో, శబ్దం కోసే ఫిల్టర్లు ఎన్ని పెట్టినా చిన్నమ్మ కుక్కర్ విజిల్ ముందు నిలవలేదు. ఒక రోజు చాట్‌లో ఎవరో "మూడు విజిళ్లు, పప్పు" అని రాశారు. ఇంకొకరు "నాలుగోది వస్తే శనగలు" అన్నారు. పిట్ట పరుగున వెళ్లి మూత తీయించి చూసొచ్చి "శనగలే!" అంది. అంతే, అది ఆ చానెల్ ఆట అయిపోయింది. తర్వాత ఎవరో ఆ ముక్కను కత్తిరించి పెడితే 1,80,000 మంది చూశారు. లక్షలు పోసి చేసిన ఏ ట్రైలర్‌కూ నేను అంత చూడలేదు. ఫిల్టర్లన్నీ తీసేశాం.

కానీ వంటింటి గొంతుతో ఒక ప్రమాదం కూడా జరిగింది. చిన్నమ్మ ఒకరోజు అసలు పేరు పెట్టి గట్టిగా పిలిచింది. మొహం దాచుకుని బతికే పనిలో పేరు బయటపడితే ఎలా ఉంటుందో చెప్పలేను. తను భయపడి అంతకుముందువి కూడా కలిపి 11 స్ట్రీమ్‌లను ప్రైవేట్‌లో పెట్టేసింది. ఆ భయంలో మేమిద్దరం మర్చిపోయింది ఏమిటంటే, ప్రైవేట్‌లో పెట్టిన వీడియోల గంటలు యూట్యూబ్ లెక్కలోకి రావు. ఒక ఆదివారం మొత్తం కూర్చుని ఆ పిలుపులను వెతికి కత్తిరించి మళ్లీ పబ్లిక్ చేశాం. అప్పటి నుంచి చిన్నమ్మకు ఒకటే నియమం, రాత్రి తొమ్మిదిన్నర దాటాక "బిడ్డా" అనే పిలవాలి. ఇప్పుడు చాట్‌లో అందరూ పిట్టను బిడ్డా అనే పిలుస్తారు.

22 స్ట్రీమ్‌లు అయ్యాయి. నేను మాట నిలబెట్టుకున్నాను. విశాఖ అమ్మాయి ఒకరు 18,000కు బొమ్మ గీసిచ్చింది, రిగ్గింగ్ నాది. పాత ఐఫోన్ ఎక్స్ఆర్ 11,500కు దొరికింది. మామూలు వెబ్‌క్యామ్‌తో కూడా నడుస్తుంది గానీ ఐఫోన్‌లో మొహం లోతును చూసే కెమెరా ఉంటుంది, పెదవుల కదలిక చాలా బాగా పట్టుకుంటుంది. తెలుగు మాట్లాడే పిట్టకు ప, బ, మ దగ్గర పెదవులు మూసుకోకపోతే చూడ్డానికి డబ్బింగ్ సినిమాలా ఉంటుంది. మైకు 3,200. మొత్తం ఖర్చు 32,700.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు, అక్టోబరు 2న, కొత్త బొమ్మను ఊరించే మొదటి షార్ట్ పెట్టాం. తెరంతా నల్లగా, ఒక గోరు మాత్రం. మర్నాడు ఒక ఈక. ఆ తర్వాత రెక్క అంచు, ముక్కు, మెడ దగ్గర ఊదారంగు. సద్దుల బతుకమ్మ నాటికి కన్ను, అది ఒకసారి రెప్ప వేసింది. కింద ఒకే మాట: "దసరాకు పాలపిట్ట కనిపిస్తుంది." ఏ పాట లేదు, ట్రైలర్ లేదు. ఆ తొమ్మిది రోజుల్లో సబ్‌స్క్రైబర్లు 410 నుంచి 640 అయ్యారు.

2024 అక్టోబరు 12, శనివారం. జమ్మి చెట్టు దగ్గరికి పోయొచ్చి, బంగారం పంచుకుని, తినేసి, 9.45కి మొదలుపెట్టింది. ఒకేసారి చూసినవాళ్లు 71. సోమవారం 19. పై వారం 9. నేను ఓదార్చడానికి ఫోన్ చేస్తే తను నవ్వింది. "తొమ్మిదా అన్నా, పోయిన నెల కంటే ముగ్గురు ఎక్కువే!" ఆ 4,600 డాలర్లు పెట్టిన ఆమెకు లేనిది ఇదే. కింద ఎంత ఉంటుందో తెలిసినవాళ్లకు పడిపోవడం దెబ్బ కాదు.

ఇక డబ్బు.

యూట్యూబ్‌లో జనం డబ్బులివ్వడానికి తలుపు తెరుచుకోవాలంటే 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటలు చూసి ఉండాలి. ప్రకటనల డబ్బు కావాలంటే 1,000 మంది, 4,000 గంటలు. షార్ట్స్ ద్వారా వెళ్లే దారి ఇంకోటి ఉంది గానీ అందుకు 90 రోజుల్లో 30 లక్షల వ్యూస్ కావాలి, పొడుపుకథలకు అది అందదు. షార్ట్స్‌లో చూసిన సమయం ఈ గంటల్లో కలవదు కూడా. అంటే పొడుపుకథలు మనుషులను తెచ్చాయి, గంటలను తేలేదు. గంటలు లైవ్ నుంచే రావాలి. సగటున 12 మంది, రెండున్నర గంటలు, వారానికి మూడుసార్లు: వారానికి 90 గంటలు. 3,000 కావాలంటే 33 వారాలు. జీఎస్టీ లెక్కలు చేసే పిల్ల కాబట్టి క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుని మరీ కూర్చుంది.

ఈలోపు చాట్‌లో "యూపీఐ పెట్టు అక్కా" అని గోల. 2024 డిసెంబరులో ఒక రోజు క్యూఆర్ కోడ్ తెర మీద పెట్టింది. నాకు చెప్పలేదు. పది నిమిషాలకు ఎవరో 11 రూపాయలు పంపి, యాప్‌లో కనిపించిన పేరును, ఇంటిపేరుతో సహా, చాట్‌లో టైప్ చేశారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, "వచ్చాయా అండీ?" అని అడగడానికి. యూపీఐలో బ్యాంకు ఖాతా పేరు కనిపిస్తుందన్న సంగతి రోజూ కిరాణా కొట్లో చూసేదే. బొమ్మ వెనక దాక్కున్నప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. స్ట్రీమ్ ఆపేసి రెండు వారాలు రాలేదు. ఆ పేరును చూసినవాళ్లు 14 మంది. ఒక్కరూ ఇంతవరకు ఎక్కడా వాడలేదు. ఆ పద్నాలుగుమందికి నేను ఎప్పుడైనా బిర్యానీ పెట్టాలి.

సంక్రాంతి తర్వాత నా వ్యాపారం పేరు మీద ఉన్న కరెంట్ అకౌంట్ క్యూఆర్ పెట్టాం. స్కాన్ చేస్తే నా స్టూడియో పేరే వస్తుంది. ఆ డబ్బు నా లెక్కల్లో చూపించి, తనకు ఇచ్చేది విడిగా రాస్తున్నాం. ఈ పద్ధతి కూడా తనే గీసింది, నాకు ఇవి రావు.

డబ్బు పంపినవాళ్ల పేర్లు చదవడంలోనే తన అసలు తెలివి బయటపడింది. పెళ్లిలో చదివింపులు చదివినట్టు మొదలుపెట్టింది. మైకులో గొంతు మార్చి, "పెళ్లికూతురి మేనమామ, సిరిసిల్ల వాస్తవ్యులు, నూట పదహార్లూ..." అని సాగదీసి, చివర్లో డోలు శబ్దం. దాంతో జనం 100 పంపడం మానేసి 116 పంపడం మొదలుపెట్టారు. ఊరు, వరస రాసి మరీ పంపుతారు. "పిట్టకు చిన్నాయన వరస, నిజామాబాద్." జపాన్‌లో పెద్దపెద్దవాళ్లు సూపర్‌చాట్ పేర్లు చదవడానికే స్ట్రీమ్ చివర గంటసేపు కేటాయిస్తారు. మనకు ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, షామియానా కింద.

ఇంకోటి మేం అనుకోనిది. రాత్రి 9.45 అంటే దోహాలో ఏడుంబావు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, క్యాంపు గదిలో బంకు మంచం మీద పడుకునే టైము. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. స్ట్రీమ్‌లో పిట్ట ఆడే ఆట వాళ్లకు పట్టదు. పొడుపుకథలు, కుక్కర్ విజిళ్లు, చిన్నమ్మ అరుపులు, వెనక రైలు కూత. ఒకతను రాశాడు: "ఆట ఆపి కాసేపు వంటింటి దిక్కు మైకు పెట్టు బిడ్డా." పెట్టింది. ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ రాయలేదు. నేను నా గదిలో కూర్చుని పోపు శబ్దం వింటున్నాను, తెర మీద పిట్ట మెల్లగా రెప్పలేస్తోంది.

మే నెలాఖరుకు 3,000 గంటలు దాటాయి. జూన్‌లో సూపర్‌చాట్, మెంబర్‌షిప్ తెరుచుకున్నాయి. నెలకు 59 రూపాయలు, బ్యాడ్జీ కుక్కర్ విజిల్. మొదటి నెల 23 మంది. 1,357 రూపాయలు, అందులో మనకు వచ్చేది 70 శాతం, అంటే దాదాపు 950. సూపర్‌చాట్‌లు 2,140, మన వాటా 1,498. మొత్తం 2,448. అందులో ఎక్కువ భాగం దిర్హాములు, రియాళ్ల నుంచి మారినవే.

ఆ డబ్బు వెంటనే చేతికి రాదు. ముందు 10 డాలర్లు దాటితే చిరునామా సరిచూడటానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. ఆ కవరును పోస్ట్‌మన్ చిన్నమ్మ చేతికిచ్చాడు, ఆమె కరెంట్ బిల్లు అనుకుని దేవుడి గూట్లో పెట్టింది, మూడు వారాలు అక్కడే ఉంది. తర్వాత అమెరికా ట్యాక్స్ ఫారం. అది నింపితే అక్కడి ప్రేక్షకుల నుంచి వచ్చినదాని మీద మాత్రం, మన దేశంతో ఒప్పందం ప్రకారం 15 శాతం కోస్తారు. ఆ తర్వాత ఖాతాలో 100 డాలర్లు నిండేదాకా ఒక్క పైసా కదలదు. నెలకు 28 డాలర్ల లెక్కన నాలుగు నెలలు. 2025 అక్టోబరు 24న, దీపావళి అయిన నాలుగో రోజు, 9,612 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. డెబ్యూ అయిన ఏడాది మీద పన్నెండు రోజులకు.

దానికంటే ముందు కీచైన్ల మీద డబ్బు వచ్చింది. రెక్కలు చాపి కుక్కర్ మీద కూర్చున్న పిట్ట. 249 చొప్పున 40 అమ్మితే, చేయించిన ఖర్చు, పోస్టు ఛార్జీలు పోను 4,160 మిగిలింది. పంపినవాళ్ల చిరునామాగా నా ఇల్లు. కవర్ కంపెనీ లెక్కల గురించి పైన ఊరికే రాయలేదు, నలభై కీచైన్ల దగ్గర కూడా అదే సూత్రం పనిచేసింది.

ఒక్క పూటలో ఇంతకంటే ఎక్కువ సంపాదించే అవకాశం కూడా వచ్చింది. 2,000 మంది దాటగానే ఒక మెయిల్: మా యాప్ పేరు ఒక్క స్ట్రీమ్‌లో మూడుసార్లు చెబితే 15,000. బెట్టింగ్ యాప్. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేసిన యూట్యూబర్లు, నటుల మీద పోలీసులు కేసులు పెట్టారు, టీవీల్లో రోజంతా అదే. కేసుల సంగతి అలా ఉంచితే, చూసేవాళ్లలో సగం మంది నెల జీతం ఇంటికి పంపేవాళ్లు. తను జవాబు కూడా ఇవ్వలేదు, మెయిల్‌ను స్పామ్‌లో వేసింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దగ్గరికి మొట్టమొదట వచ్చే "స్పాన్సర్" వీళ్లే అని మాత్రం తెలుసుకోండి.

మొత్తం లెక్క తను ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టింది. యూట్యూబ్ 9,612. కీచైన్లు 4,160. యూపీఐ 6,300. కలిపితే 20,072. ఖర్చు 32,700. ఇంకా 12,628 లోటు, నా పనికి రూపాయి కూడా లెక్క కట్టకుండా. కింద ఒక వరస ఖాళీగా ఉంచి "అన్న బాకీ" అని రాసింది, పక్కన అంకె వేయలేదు. ఇప్పుడు సగటున 38 మంది చూస్తున్నారు, ఉద్యోగం మానేసే ఆలోచన లేదు. ఉగాదికి పిట్టకు పట్టు పావడా కావాలంటోంది. 4,000 అవుతుందన్నాను. మెంబర్ల చేత చందా వేయించి ఇస్తానంది. ఇది మాత్రం సరైన వరస, ముందు మనుషులు, తర్వాత పావడా.

మొన్న మంగళవారం ఒక కొత్త క్లయింట్ మెయిల్ చేసింది. నిలువెత్తు మోడల్, పది హావభావాలు, ఆరు వారాల్లో డెబ్యూ. చానెల్ ఇంకా తెరవలేదట. పైన రాసినదంతా కుదించి పది లైన్లలో జవాబు రాశాను. ముందు రెండు బొమ్మలతో ఇరవై రోజులు చేసి చూడండి, అప్పటికీ కావాలనిపిస్తే నేను ఎక్కడికీ పోను అని. గంటలో తిరుగు జవాబు వచ్చింది, చాలా మర్యాదగా, మీ సలహాకు కృతజ్ఞతలు అని. దాని వెనకే 450 డాలర్ల అడ్వాన్స్.

ఇంటి కిరాయి ఐదో తారీఖున కట్టాలి. ఫైలు తెరిచాను. 214 పొరలు. ఎడమ కన్ను, పై రెప్పతో మొదలుపెట్టాను.